మొదటి కుట్టు

మా ఇంట్లో ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంది. తాతగారి రూమీ టోపీ, అమ్మీ నికా నాటి ఎర్ర దుపట్టా, ఇంటిపన్ను రశీదుల కట్ట అందులో ఉంటాయి. వాటి పక్కనే పాత లుంగీ గుడ్డలో చుట్టిన చేపల రీలు ఒకటి ఉంటుంది. 1986లో మా చిచ్చా మస్కట్ నుంచి వస్తూ తన అన్నగారి కోసం తెచ్చిన రీలది. దానిని చేసిన కంపెనీ ఆ నమూనాను ఎప్పుడో మానివేసింది. దాని విడిభాగాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఆ రీలు లోపల ఉండే మూడు చిన్న వాషర్ల కోసం మా ఇల్లంతా నెలన్నర పాటు పడిన శ్రమను ఇక్కడ చెప్పదలచాము.

మేము ముగ్గురం, ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. మా ఇల్లు శ్రీకాకుళంలో, నాగావళి ఒడ్డుకు నడచి వెళ్ళేంత దూరంలో ఉంది. అబ్బా తపాలా శాఖలో గుమాస్తాగా చేసి పదవీ విరమణ పొందారు. అమ్మీ నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నారు. ఆదివారం ఫజర్ నమాజు ముగియగానే గాలం కర్ర భుజాన వేసుకొని నాగావళికి వెళ్ళడం అబ్బాకు అలవాటు. చలికాలంలో మాత్రం బస్సెక్కి కళింగపట్నం వెళ్ళేవారు. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ మొగలో దొరికే పండుగప్ప అంటే ఆయనకు ఎంతో ఇష్టం.

ఈ వేటలో అబ్బాకు కొన్ని నియమాలు ఉండేవి. ఇంటికి, ఇరుగుపొరుగుకు సరిపడా దొరికితే వెంటనే లేచి వచ్చేసేవారు. మరీ చిన్న చేపను వదిలేసేవారు. సరదా కోసం పట్టి, ఫోటో తీసుకొని, మళ్ళీ నీటిలో పడవేసే వేట ఆయనకు నచ్చేది కాదు. తినడానికి కాకపోతే ఆ నోరులేని ప్రాణికి ముల్లు గుచ్చే హక్కు మనకెక్కడిదని అడిగేవారు. అన్నిటికంటే ఆయనకు బాధ కలిగించేది లైను తెగిపోవడం. తెగిన లైనుతో పోయిన చేప నోట్లో కొక్కెం అలాగే ఉండిపోతుంది. అది మేత మేయగలదో లేదో, ఎన్నాళ్ళు బతుకుతుందో ఎవరికీ తెలియదు. అలా జరిగిన రోజు అబ్బా ఇంటికి వచ్చి భోజనం దగ్గర మాట్లాడేవారు కాదు. మా జ్ఞాపకంలో అలాంటి రోజులు రెండో మూడో ఉంటాయి.

రెండేళ్ళ క్రితం అబ్బాకు పక్షవాతం వచ్చింది. అల్లాహ్ దయవల్ల ప్రాణానికి ముప్పు తప్పింది. కర్ర సాయంతో నడక కూడా తిరిగి వచ్చింది. మాట మాత్రం నెమ్మదించింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం, చాచుకోవడం వరకే మిగిలాయి, వాటిలో పట్టు లేదు. ఆదివారం తెల్లవారుజామున లేచి, వుజూ చేసి, నమాజు చదివి, వసారాలో కుర్చీలో కూర్చునేవారు. ఎదురింటి గోడను చూస్తూ ఉండేవారు. అలా ఏడాదిన్నర గడిచాక ఆయనను మళ్ళీ కళింగపట్నం తీసుకువెళ్ళాలని మేము నిశ్చయించుకున్నాము. కర్రను ఇసుకలో పాతిన పీవీసీ గొట్టంలో నిలబెడదాము, ఎడమచేత్తో రీలు పిడి తిప్పితే చాలును కదా అనుకున్నాము.

ట్రంకులోంచి రీలు తీసి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది.

రీలు సంగతి తెలియని పాఠకులకు ఇక్కడ కొంత వివరించాలి. లైను చుట్టుకొని ఉండే కండెను స్పూలు అంటారు. పెద్ద చేప లాగినప్పుడు ఆ కండె బిగుసుకొని ఉంటే లైను తెగుతుంది. పూర్తిగా వదులుగా ఉంటే చేప ఎంత దూరమైనా లాక్కుపోతుంది. ఈ రెండింటి మధ్య, తెగే లోపే లైనును బరువుగా జారనిచ్చే ఏర్పాటును డ్రాగ్ అంటారు. కండె ముందువైపు మూతను విప్పితే ఒక తీగ క్లిప్పు, దాని కింద బిళ్ళల దొంతర కనిపిస్తాయి. ఒక మెత్తని వాషరు, ఒక ఇనుప బిళ్ళ, మళ్ళీ మెత్తని వాషరు, ఇలా పేర్చి ఉంటాయి. ఇనుప బిళ్ళల్లో కొన్నిటికి అంచున చెవులుంటాయి, అవి కండెతోపాటు తిరుగుతాయి. మిగిలినవాటి నడిమి రంధ్రం ఒక పక్క చదునుగా ఉంటుంది, అవి ఇరుసును పట్టుకొని కదలకుండా ఉంటాయి. తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్య నలిగే మెత్తని వాషరు మీదనే భారమంతా పడుతుంది. పైనున్న మరను బిగిస్తే స్ప్రింగు ఆ దొంతరను నొక్కుతుంది, జారుడు తగ్గుతుంది.

మా రీలులోని మూడు మెత్తని వాషర్లు మెత్తగా లేవు. గోటితో గీకితే రాయిలా ఉన్నాయి. ఒకటి రెండు ముక్కలైంది. ఇది రెండేళ్ళలో జరిగే పని కాదు. కనీసం పదిహేనేళ్ళ క్రితమే అవి చచ్చిపోయి ఉండాలి. మరి అబ్బా ఇన్నాళ్ళూ పండుగప్పలను ఎలా పట్టారు? మర వదులుగా ఉంచి, కుడిచేతి చూపుడువేలును కండె అంచుకు ఆనించి, అవసరమైనంత నొక్కుతూ, వదులుతూ పట్టారు. ఆ వేలు అక్కడ ఉండడం మేమందరం చూశాము. అది ఊరికే ఆనించిన వేలనుకున్నాము. చెడిపోయిన వాషర్ల పనిని ఆయన వేలు చేసిందని మాకు ఆ రోజు వరకు తెలియదు.

ఇప్పుడు ఆ వేలు లేదు కనుక వాషర్లు కావాలి.

ఈ కాలపు రీళ్ళలో కార్బన్ నూలుతో చేసిన వాషర్లు వస్తున్నాయి, అవి చాలా మంచివి. కాని మా కొలతకు సరిపడేవి దొరకలేదు. పెద్ద షీటు కొని కోసుకోవచ్చు గాని, ఆ కోతలో రేగే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తెలిసిన గ్యారేజీలో ఒకాయన పాత బ్రేకు లైనరు ముక్క ఇచ్చి, దీనికి మించిన రాపిడి సరుకు లేదన్నారు. పాతకాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. పిల్లలున్న ఇంట్లో దానిని ఆకురాయితో అరగదీసే పని ఎవరూ పెట్టుకోకూడదు. ఆ ముక్కను అక్కడే వదిలి వచ్చాము.

మాలో పెద్దవాడికి తోలు గుర్తుకు వచ్చింది. పూర్వపు రీళ్ళలో తోలు వాషర్లే ఉండేవని ఎక్కడో చదివాడు. అది నిజమే. తెగిపోయిన చెప్పు అడుగుతోలును కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, మేకుతో రంధ్రం చేసి, మూడు వాషర్లు తయారు చేశాడు. మాలో చిన్నవాడు వాటిని రీలులో అమర్చాడు. మొదటిసారి రెండు ఇనుప బిళ్ళలను పక్కపక్కనే పెట్టడంతో మర ఎంత బిగించినా కండె గిరగిరా తిరిగింది. విప్పి వరుస సరిచేశాడు. మా లైను ఆరు కిలోల బరువు మోసేది. డ్రాగ్‌ను లైను బలంలో నాలుగోవంతుకూ మూడోవంతుకూ మధ్య ఉంచాలన్నది గాలం వేసేవారందరూ పాటించే లెక్క. స్ప్రింగు త్రాసు తగిలించి లాగాము. కండె తిరుగుతుండగా ముల్లు రెండు కిలోల దగ్గర నిలిచింది. మా పనితనానికి మేమే సంతోషించాము.

డిసెంబరు మొదటి ఆదివారం అబ్బాను కారులో కళింగపట్నం తీసుకువెళ్ళాము. లైట్‌హౌస్ దాటి, సరుగుడు తోట పక్కనుంచి, మొగ దగ్గరకు చేరేసరికి ఆయన కళ్ళలో వెలుగు వచ్చింది. దానిని మా చెల్లెలే ముందుగా చూసింది. కుర్చీ వేశాము, గొట్టం పాతాము, ఎర గుచ్చి విసిరాము. రెండు గంటలు ఏమీ కదలలేదు. ఆ తరువాత కర్ర కొన ఒక్కసారిగా నీటివైపు వంగింది. కండె తిరగలేదు. దగ్గరలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "లాగీకండి బాబూ, ఒగ్గీండి, ఒగ్గీండి!" అని కేక వేశాడు. మేమేమీ లాగడం లేదు. వదలవలసినది కండె, అది వదలలేదు. టప్‌మని చిన్న చప్పుడు వినిపించింది. కర్ర నిటారుగా లేచి నిలబడింది. లైను గాలిలో తేలింది.

అంతా ఒక్క రెప్పపాటులో జరిగింది. అబ్బా కుడిచెయ్యి కుర్చీ చేతిమీద నుంచి కొద్దిగా లేచి, మళ్ళీ పడిపోయింది.

"ముల్లు... దాని... నోట్లోనే..." అన్నారు ఆయన. ఆ రోజంతటిలో ఆయన అన్న మాట అదొక్కటే. ఇంటికి వచ్చాక ఎడమచేత్తో రీలును తానే గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టారు. మేము సాయం చేయబోతే తల అడ్డంగా ఊపారు. తరువాతి ఆదివారం వసారా కుర్చీని కూడా లోపలకు తెచ్చుకున్నారు.

ఆ వారం రోజులు మేము మా తప్పును దేనిమీదనైనా వేయడానికి చూశాము. లైను పాతబడిందన్నాము. చేప మరీ పెద్దదై ఉంటుందన్నాము. రెండు కిలోలకు సరిచేసిన డ్రాగ్ ఆరు కిలోల లైనును ఎలా తెంపుతుందో లెక్క కుదరలేదు. ఒక రాత్రి మేము ముగ్గురం ఈ వాదనలోనే ఉండగా, మిషను మీద ఎవరిదో షల్వారు కుడుతున్న అమ్మీ తల ఎత్తకుండానే అడిగారు:

"మొదటి కుట్టు ఎలా పడిందో చూశారా?"

మాకు అర్థం కాలేదు. అమ్మీ పాదం ఆపి, మమ్మల్ని దగ్గరకు పిలిచి, మిషను తలమీద ఉన్న రెండు గుండ్రని రేకులను చూపించారు. పై దారం ఆ రెండు రేకుల మధ్యనుంచే వస్తుంది. వాటిని ఒక చిన్న స్ప్రింగు నొక్కుతుంది. స్ప్రింగును ఒక మర బిగిస్తుంది. దర్జీలు దానిని టెన్షన్ అంటారు. బిగిస్తే దారం తెగుతుంది, వదిలితే కింద ఉచ్చులు పడతాయి. మేము పుట్టకముందు నుంచీ ఆ మర మా ఇంట్లో రోజుకు పదిసార్లు తిరుగుతూనే ఉంది. మేము గ్యారేజీలు తిరిగిన వస్తువు, మా అన్నం సంపాదించిన యంత్రం నొసట బొట్టుబిళ్ళంత ఉండి, మా కళ్ళముందే ఉంది.

"కుట్టు నడిచేటప్పుడు దారం తెగదురా. మొదటి కుట్టు దగ్గర తెగుతుంది. ఆగి ఉన్నది కదిలేటప్పుడు తెగుతుంది," అని అమ్మీ రీలు తెమ్మన్నారు. లైను కొన వేళ్ళ మధ్య పట్టుకొని, కళ్ళు మూసుకొని లాగారు. "కదిలాక బాగుంది. కదిలే ముందు బాగా లేదు."

మళ్ళీ త్రాసు తగిలించాము. ఈసారి తిరుగుతున్నప్పుడు కాక, తిరగడం మొదలయ్యే క్షణంలో ముల్లు ఎక్కడుందో చూశాము. నాలుగు కిలోలు దాటింది. రీలును రాత్రంతా బిగించి ఉంచి ఉదయం లాగితే ఐదు దాటింది. కర్ర వంపు, లైను ముడి, చేప ఇచ్చిన కుదుపు దానికి కలిస్తే ఆరు కిలోల లైను తెగకేమవుతుంది! ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదానిని నడిపించే బలం కంటే ఎక్కువ. ఎంతసేపు ఆగి ఉంటే ఆ పట్టు అంతగా పెరుగుతుందని ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 1785లోనే ప్రయోగాలతో చూపాడు. గాలం వేసి రెండు గంటలు ఎదురుచూడడమంటే వాషర్లకు రెండు గంటలు అంటుకుపోయే వ్యవధి ఇవ్వడమే. పైగా మా చెప్పుతోలుకు పాత జిగురు అంటి ఉంది, సముద్రపు తేమకు అది కరిగింది. విప్పి చూస్తే వాషరు ఇనుప బిళ్ళకు అతుక్కొని ఊడి వచ్చింది.

దారానికీ చేపకూ ఉన్న చుట్టరికం మన జిల్లాకు కొత్త కాదు. పొందూరులో నూలు వడికే స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఇప్పుడు మనం వాడే ఈ తరహా రీలుకు 1905లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఇల్లింగ్‌వర్త్ కూడా ఉన్ని నూలు మిల్లుల వ్యాపారే. మరమగ్గాల కండెనుంచి దారం జారే తీరు చూసి అతనికి ఆ ఊహ కలిగిందంటారు. కనుక మా ఇంటి రీలు జబ్బును కనిపెట్టడం దర్జీ చేతికే చెల్లిందంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఏ సరుకు వాడాలన్నదీ అమ్మీయే చెప్పారు. మిషను మీద దారపుండ నిలబెట్టే పుల్ల కింద ఒక ఎర్రని మెత్తని బిళ్ళ ఉంటుంది. ఉండ గిరగిరా తిరిగిపోకుండా, అలాగని ఆగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. అది ఫెల్టు, నేయకుండా ఊలును తడిపి నొక్కి గట్టిపరచిన గుడ్డ. రీలుకు కూడా అదే కావాలి. కాని ఆ బిళ్ళ మరీ చిన్నది. ఫెల్టు మా ఇంట్లో ఇంకొకచోట కూడా ఉంది. మాలో చిన్నవాడి చూపు ట్రంకులోని తాతగారి రూమీ టోపీ వైపు మళ్ళింది. అమ్మీ వాడివైపు చూశారు. ఆ మాట మళ్ళీ రాలేదు.

ఫెల్టు చివరకు విజయనగరంలో దొరికింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు అది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. అలాంటి ఊళ్ళో వాద్యాలు బాగుచేసేవారు ఉండకపోరు కదా అని మా చెల్లెలు అంది. హార్మోనియం మెట్ల కింద చప్పుడు రాకుండా ఫెల్టు పరుస్తారని దానికి తెలుసు. రైలెక్కి వెళ్ళి, అడుగుతూ పోగా ఒక ముసలాయన చిన్న గది దొరికింది. చేపల రీలుకని చెప్పగా ఆయన చాలాసేపు నవ్వాడు. తరువాత మూడు రకాల ఫెల్టు ముందు పెట్టి, వేలితో నొక్కి చూడమన్నాడు. వదులుగా ఉన్నది తొందరగా నలిగిపోతుందని, గట్టిగా నొక్కినదే ఇచ్చాడు. అది రెండు మిల్లీమీటర్ల మందం, అరచెయ్యంత ముక్క. అరవై రూపాయలు తీసుకున్నాడు.

ఇక కోత. కత్తెరతో కోసిన వాషరు ఎంత జాగ్రత్తపడినా గుండ్రంగా రాదు, అంచు ఒకచోట ఎత్తుగా ఉండి కుదుపు ఇస్తుంది. గ్యాస్కెట్లు కోసే గొట్టపు పంచీలు రెండు, ఎనిమిది మిల్లీమీటర్లదీ ఇరవైనాలుగుదీ, గ్యారేజీ ఆయన దగ్గరే అరువు తెచ్చాము. ముందు లోపలి రంధ్రం కొట్టాలి, తరువాత బయటి గుండ్రం. తిరగేసి చేస్తే చిన్న బిళ్ళ చేతిలో నిలవక రంధ్రం పక్కకు పోతుంది. అలా రెండు పాడుచేశాకే ఇది నేర్చుకున్నాము. కింద చింతమొద్దు పెట్టి, ఫెల్టుకు అడుగున దళసరి అట్ట వేసి, సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా వేయాలి. రెండు మూడు చిన్న దెబ్బలు వేస్తే అంచు పీచులు లేస్తుంది.

వాషర్లు కోయడం కంటే ఇనుప బిళ్ళలను సరిచేయడానికే ఎక్కువ సమయం పట్టింది. వాటిమీద తుప్పు చుక్కలున్నాయి, ఒకదాని అంచు కొద్దిగా లేచి ఉంది. సూదికి గరుకుంటే ఎంత మంచి దారమైనా తెగుతుందని అమ్మీ వాటిని చేత పట్టుకోగానే అన్నారు. చదునైన అద్దంమీద వెయ్యి నంబరు ఎమరీ కాగితం పరచి, రెండు చుక్కల కిరసనాయిలు వేసి, బిళ్ళను వేళ్ళతో ఒత్తి గుండ్రంగా రుద్దాము. మా చెల్లెలు రెండు సాయంత్రాలు ఆ పనిలోనే ఉంది. ముఖం కనిపించేటట్టు మెరిశాక గాని ఆపలేదు.

పొడి ఫెల్టు పెట్టి లాగితే మొదట్లో ఇంకా పట్టుకుంటోంది. కుట్టుమిషను నూనెలో తడిపితే మొదటి లాగుడు మెత్తబడింది గాని, నూనె మరీ పలచన, గంటలో కారి కండెకంతా అంటింది. చివరకు కొంచెం గ్రీజును వేలితో ఫెల్టులోకి ఇంకేదాకా రుద్ది, పైపైన ఉన్నదంతా తుడిచేశాము. ప్రతిసారీ త్రాసు మేము చూశాము, లైను అమ్మీ లాగారు. "ఇంకా కుదుపు ఉంది," అనేవారు. విప్పి, తుడిచి, మళ్ళీ అమర్చేవాళ్ళం. నాలుగో రాత్రి ఇషా తరువాత ఆమె రెండుసార్లు లాగి, ఏమీ అనకుండా లైను వదిలి, తన పని మీదకు వెళ్ళిపోయారు. త్రాసు చూశాము. కదలడానికి ఒకటిన్నర కిలోలకు ఒక పిసరు ఎక్కువ, కదిలాక ఒకటిన్నర. మరునాడు ఉదయానికీ అంతే ఉంది.

రెండు కిలోలు కాక ఒకటిన్నరకు ఎందుకు సరిచేశామంటే, చేప లైను లాక్కుపోతున్నకొద్దీ కండె సన్నబడుతుంది. కండె వ్యాసం సగానికి తగ్గిందంటే, మర ముట్టుకోకపోయినా, లైను మీద భారం రెట్టింపవుతుంది. ఒకటిన్నర మూడవుతుంది. అక్కడికి కూడా మా లైను తట్టుకోవాలి.

అయితే అబ్బాను ఎవరు అడగాలి? మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మళ్ళీ తెగితే ఆయన ఇక ఆ ట్రంకు మూత ఎత్తరని మాకు తెలుసు. అంతకంటే, ఆయనకు మామీద ఉన్న నమ్మకం ఎంత మిగిలిందో తెలియదు. అమ్మీ ఆ సందేహాలేవీ పెట్టుకోలేదు. శుక్రవారం జుమా నుంచి వచ్చి అబ్బా మంచంమీద కూర్చోగానే, రీలును కర్రకు తగిలించి మమ్మల్ని పట్టుకోమని, లైను కొన ఆయన ఎడమచేతిలో పెట్టారు. "లాగి చూడండి," అన్నారు.

ఆయన లాగలేదు. అమ్మీ నిలబడే ఉన్నారు. కొంతసేపటికి లాగారు. కండె టికటికమంటూ తిరిగింది. ఆపారు. చాలాసేపు ఆగి మళ్ళీ మెల్లగా, తెగినరోజు ఎక్కడ తెగిందో ఆ మొదటి క్షణాన్ని వెతుకుతున్నట్టుగా లాగారు. తరువాత మంచం దిగి, లైను పట్టుకొని, కర్ర మరచిపోయి, గోడ ఆనుకుంటూ వసారా దాకా నడిచారు. వెనక్కి తిరిగి చూసి, "ఎవరు... చేశారు?" అని అడిగారు. మేము అమ్మీని చూపించాము. అమ్మీ మమ్మల్ని చూపించారు.

జనవరి రెండో ఆదివారం మళ్ళీ కళింగపట్నంలో ఉన్నాము. వల బాగుచేసుకునే పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి, రీలు చేతిలోకి తీసుకొని, లైను లాగి చూశాడు. తన చూపుడువేలికి తొడుక్కున్న సైకిలు ట్యూబు ముక్కను చూపించి, "మాది ఇదే" అన్నాడు. చేతితాడుతో వేటాడే ఆయన వేలిమీద లోతైన గాటు ఉంది. అబ్బా ఆ వేలిని, తన వేలిని మార్చి మార్చి చూసుకున్నారు.

మధ్యాహ్నమంతా ఏమీ తగలలేదు. అసర్ నమాజు అక్కడే ఇసుకలో చేసుకున్నాము. పొద్దు వాలి, ఆటు మొదలయ్యాక, కర్ర కొన వంగింది. అంతలోనే కండె మాట్లాడింది. ఆ చప్పుడును మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాము. మొదట్లో ఆగలేదు, తడబడలేదు, నూతి గిలక మీద తాడులా సాగిపోయింది. చేప ముప్ఫై గజాలు లాక్కుపోయి ఆగింది. అబ్బా ఎడమచేత్తో పిడి తిప్పారు. మళ్ళీ లాక్కుపోయింది. మళ్ళీ తిప్పారు. మూడోసారి లాగినప్పుడు ఆయన కుడిచెయ్యి నెమ్మదిగా లేచి కండె అంచుదాకా వెళ్ళింది. ముడుచుకున్న వేలు దానికి తగిలీ తగలనట్టు ఒక క్షణం ఆనింది. తిరుగుతున్న కండెను ఆ వేలు వింటున్నట్టు ఉంది. తరువాత ఆయన దానిని వెనక్కి తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నారు.

పండుగప్ప మూడు కిలోలకు కొంచెం తక్కువ తూగింది. కొక్కెం పెదవి అంచున మాత్రమే ఉంది. అబ్బా తానే తీస్తానన్నారు. మాలో చిన్నవాడు చేపను పట్టుకోగా ఎడమచేత్తో తీశారు, చాలా సమయం పట్టింది. కొక్కేన్ని గుడ్డతో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నారు. పెద్దాయనకు సగం కోసి ఇవ్వబోతే తోకవైపు ముక్క చాలన్నాడు. మగ్రిబ్ వేళకు బయలుదేరాము.

ఇంట్లో అమ్మీ చేపను చూశారు గాని దాని సంగతి అడగలేదు. రీలు తీసుకొని, ఉప్పునీరు లోపలికి పోకుండా మరను కొంచెం బిగించి, మంచినీటితో కడిగి తుడిచారు. అబ్బా ఆమె చేతిలోంచి దానిని అందుకొని, ఫెల్టు నలిగిపోకుండా మరను మూడు చుట్లు వదులు చేశారు. ఆ పని అలా చేయాలని మేమెవరమూ ఆయనకు చెప్పలేదు. ట్రంకులో పెట్టకుండా తలగడ పక్కన గూట్లో ఉంచారు. హార్మోనియం ఫెల్టు ఇంకా ఎంత మిగిలిందని అడిగారు. మరో మూడు వాషర్లకు వస్తుందని చెప్పాము. రేపు పొద్దున్నే కోసి ఉంచమన్నారు.